దొరబావి మీద పొగబండి: ఎవరి చరిత్రను మళ్లీ నడుపుతారు?

గిద్దలూరులో రైలెక్కి నంద్యాల వైపు వెళ్తుంటే, దిగువమెట్ట దాటాక బోగీలో సందడి మొదలవుతుంది. కుర్రాళ్లు ఫోన్లు తీసి తలుపుల దగ్గరికి చేరతారు. నల్లమల లోయలు, సొరంగం, పచ్చదనం. ఆ గుంపులో ఎవరో ఒకరు "దొరబావి ఎటువైపు?" అని తప్పకుండా అడుగుతారు. దొరబావి అంటే బ్రిటిష్ వాళ్లు 1880లలో చలమ, బొగద ప్రాంతంలో లోయ మీద కట్టించిన పాత మీటర్ గేజి వంతెన. 1990లలో గేజి మార్చినప్పుడు లైను పక్కకు జరిగి అది వాడుకలోంచి పోయింది. రాతి స్తంభాలు అడవిలో మిగిలాయి. యూట్యూబ్‌లో ఆ స్తంభాల వీడియోలకు కొదవ లేదు. వాటి కింద వ్యాఖ్యల్లోనూ, మార్కాపురం, గిద్దలూరు వైపు అభివృద్ధి గురించి జరిగే మాటల్లోనూ ఒక కోరిక తరచూ వినిపిస్తోంది. ఇక్కడ పొగబండిని మళ్లీ నడపాలి, ఊటీలాగా, డార్జిలింగ్‌లాగా పర్యాటకులు రావాలి, వెనుకబడిన పశ్చిమ ప్రకాశం బాగుపడాలి.

మా తాత ఈ లైన్లోనే గ్యాంగ్‌మన్. కంభం వైపు సెక్షన్‌లో మీటర్ గేజి పట్టాల మీద బతుకంతా నడిచాడు. రైలు గురించి ఆయన ఎన్ని కబుర్లు చెప్పినా "అందం" అన్న మాట ఒక్కసారీ వాడలేదు. ఎండకు కాలే పట్టా, భుజం మీద సుత్తి, వానాకాలం రాత్రి లాంతరు పట్టుకుని కట్ట వెంట గస్తీ, దూరంగా కూత వినగానే పక్కకు దూకడం. ఇవే ఆయన కబుర్లు. చివర్లో ఒకటి చెప్పేవాడు: నెల తిరగ్గానే జీతం. ఊళ్లో ఏ రెడ్డి అరుగు ముందూ చేతులు కట్టుకుని నిలబడకుండా తీసుకునే జీతం. అది చెప్పేటప్పుడు గొంతు మారేది.

అందుకే పొగబండిని మళ్లీ నడపాలన్న మాట విన్నప్పుడు నాకు ముందు ఇంజను గుర్తు రాదు. మళ్లీ వచ్చేది ఏమిటి, రానిది ఏమిటి అన్న లెక్క గుర్తొస్తుంది.

దేశంలో ఇప్పుడు నడుస్తున్న "వారసత్వ రైళ్ల" తీరు ముందు చూద్దాం. డార్జిలింగ్ రైలుకు 1999లో, నీలగిరి రైలుకు 2005లో, కాల్కా–సిమ్లాకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అవి శాశ్వతంగా మూతపడకుండా నిలిచిన లైన్లు. గేజి మార్పిడి ఊపులో మిగిలిపోయిన ముక్కలను పర్యాటకానికి తిప్పడం తర్వాతి దశ. మధ్యప్రదేశ్‌లో పాతాళపానీ–కాలాకుండ్ మీటర్ గేజి ముక్క మీద 2018 డిసెంబరులో వారసత్వ రైలు మొదలైంది. రాజస్థాన్‌లో మార్వార్ జంక్షన్ నుంచి ఘాట్ మీదికి వెళ్లే "వ్యాలీ క్వీన్"ను 2023 అక్టోబరులో ప్రారంభించారు. దాన్ని లాగేది డీజిల్ ఇంజను. పైన మాత్రం పొగబండి వేషం. అదే నెల 31న అహ్మదాబాద్–ఏక్తానగర్ మధ్య మరో వారసత్వ రైలుకు జెండా ఊపారు. అది కరెంటుతో నడుస్తుంది, ముఖం మాత్రం ఆవిరి ఇంజనుది. ఏక్తానగర్ అంటే పాత కేవడియా. నర్మదా ఆనకట్ట పేరుతోనూ, తర్వాత పటేల్ విగ్రహం చుట్టూ పర్యాటకం పేరుతోనూ అక్కడి ఆదివాసులు తమ భూముల కోసం ఎన్నేళ్లుగా పోరాడుతున్నారో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. బొగ్గు లేదు, బాయిలర్ లేదు, ఫైర్‌మన్ లేడు. పొగ బొమ్మ ఒక్కటే ఉంది. పాత రైలులో శ్రమను తీసేసి మిగిలిన బొమ్మకు టికెట్టు పెడుతున్నారు.

డబ్బు లేక కాదు. "హైడ్రోజన్ ఫర్ హెరిటేజ్" పేరుతో కొండ దారుల్లోనూ వారసత్వ మార్గాల్లోనూ 35 హైడ్రోజన్ రైళ్లు నడుపుతామని రైల్వే శాఖ 2023లో చెప్పింది. ఒక్కో రైలుకు 80 కోట్ల రూపాయలు, ఒక్కో మార్గంలో ఏర్పాట్లకు 70 కోట్లు అని అంచనా ఇచ్చింది. ఇది చదివేటప్పుడు మరో సంగతి గుర్తుంచుకోవాలి. కోవిడ్ తర్వాత ప్యాసింజర్ బండ్లకు ఎక్స్‌ప్రెస్ పేరు పెట్టి కనీస టికెట్టును 10 రూపాయల నుంచి 30కి పెంచారు. అది మళ్లీ 10కి దిగడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం స్టేషన్లలో మిరపకాయల కోతకు గుంటూరు వైపు వెళ్లే కూలీ కుటుంబాలు ఆ 20 రూపాయల తేడాను మనిషికొకటి చొప్పున లెక్కపెట్టుకున్నాయి.

పాతాళపానీలో ఒక విషయం మాత్రం నాకు నచ్చుతుంది. బ్రిటిష్ వాళ్లను ఎదిరించి 1889లో ఉరికంబం ఎక్కిన భిల్ వీరుడు తాంత్యాకు అక్కడ రైలు కట్ట పక్కనే గుడి ఉంది. ఆ గుడి దగ్గర బండి నెమ్మదించి, ఆగి వెళ్లడం ఆనవాయితీ. రైల్వే నియమావళిలో లేని ఆ ఆపును నిలబెట్టింది స్థానిక ఆదివాసుల పట్టుదలే. మన లైనులో అలా ఎవరి కోసం బండి ఆగుతుంది?

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ఈ లైను ఎందుకు వచ్చిందో చూడాలి. 1876–78 నాటి మహా కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పుడు మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా అలాగే ఉన్నాయి. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. కరువు పనుల్లో ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని తేల్చాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ కొలతతో మనిషి బరువైన పని చేయలేడని మద్రాసు ప్రెసిడెన్సీ ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. పనిలోకి వచ్చినవాళ్లలో అత్యధికులు భూమి లేనివాళ్లు. భూమి లేనివాళ్లంటే ఏ కులాలో చెప్పడానికి జనాభా లెక్కలు అక్కర్లేదు.

1880 నాటి కరువు కమిషన్ ఆ చావుల నుంచి తీసిన పాఠం రైలు. దేశాన్ని కరువు నుంచి కాపాడాలంటే 20,000 మైళ్ల రైలు మార్గం ఉండాలని, అందులో 5,000 మైళ్లు వెంటనే కావాలని చెప్పింది. బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే అలా "రక్షణ" మార్గంగా పుట్టింది. గుంతకల్లు, నంద్యాల, నల్లమల, కంభం, మార్కాపురం మీదుగా బెజవాడ వైపు సాగి, సదరన్ మరాఠా రైల్వే కంపెనీ చేతికి వెళ్లింది. రక్షణ అన్న మాటను ఇక్కడ కొంచెం పట్టి చూడాలి. ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో రైళ్లు లేకపోలేదు. రైలున్న చోట కూడా ధాన్యం వ్యాపారి చెప్పిన ధరకే అమ్ముడైంది. కొనే స్తోమత లేనివాడు స్టేషను పక్కనే చచ్చాడు. దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. కరువుకు కారణం రవాణా లేకపోవడమేనని తేల్చితే భూమి, శిస్తు, కులం గురించి మాట్లాడక్కర్లేదు. కమిషన్ చేసిన అతి పెద్ద ఉపకారం అదేనేమో.

ఇక కట్టినవాళ్లు. దక్షిణాదిలో రైలు కట్టల మట్టిపని, రాతిపని వడ్డెర్ల చేతుల మీదుగా జరిగిందని భారతీయ రైల్వేల నిర్మాణ చరిత్ర రాసిన ఇయాన్ కెర్ వంటివాళ్లు నమోదు చేశారు. వాళ్లతో పాటు తట్ట మోసినవాళ్లు చుట్టుపక్కల పల్లెల మాల మాదిగలు, ఆడవాళ్లు, పిల్లలు. ఘాట్ పనుల్లో మలేరియా, కలరా కూడా కూలీల వెంటే నడిచేవి. బొగద అన్న ఊరి పేరు చూడండి. మరాఠీలో "బోగదా" అంటే సొరంగం. మరాఠా పేరున్న కంపెనీ, పడమటి నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు. ఆ మాట నల్లమలలో ఎలా దిగిందో ఊహించడం కష్టం కాదు. పనివాళ్ల నోటి మాట ఒక ఊరి పేరై మిగిలింది. వంతెన పేరులో మాత్రం దొర ఉన్నాడు. ఆ పేరు వెనక ఏ కథ ఉన్నా, వంతెన రాళ్లు ఎత్తినవాళ్లలో ఒక్కరి పేరూ ఆ స్తంభాల దగ్గర లేదు.

అదే కాలంలో, అదే కరువులో, ఇదే ప్రాంతపు మాదిగలు మరో పెద్ద పని చేశారు. దాని జ్ఞాపకం మాత్రం నిలబడింది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం గుత్తకు తీసుకుని మాదిగలకు పని ఇచ్చాడు. సర్కారు గుత్తల్లో మేస్త్రీల దెబ్బలు, కూలీ కోతలు తప్పని రోజుల్లో అక్కడ నిర్ణీత కూలీ చేతికొచ్చింది. కరువు సాయం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పని సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్య ప్రకాశం జిల్లా దళిత క్రైస్తవ ఇళ్లలో ముసలివాళ్లకు నోటికి వచ్చు. గుండ్లకమ్మ పుట్టేది ఈ నల్లమలలోనే. కాలువ తవ్వినవాళ్ల కథ బతకడానికి వాళ్లకంటూ ఒక సంఘం ఏర్పడటం, ఆ సంఘానికి రిజిస్టర్లు ఉండటం కారణం. రైలు కట్ట వేసినవాళ్లకు అలాంటి సంఘం లేదు. గుత్తేదారు మస్టర్ల తర్వాత వాళ్లు ఎక్కడా కనబడరు.

రైలు వల్ల పోయిన బతుకులు కూడా ఉన్నాయి. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు, పై నాడు నుంచి ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద మోసి ఊరూరా అమ్మిన ఎరుకలవాళ్ల వ్యాపారం రైళ్లు, కొత్త ఉప్పు విధానం కలిసి దెబ్బతీశాయి. అదే ఎరుకలవాళ్లపై తర్వాత "నేరస్త జాతి" ముద్ర వేశారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సెటిల్‌మెంటు దాకా సాగిన ఈ దారిని మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో వివరంగా చూపించారు. పెద్ద ఎద్దుల మందలతో సరుకులు మోసిన లంబాడీల గతి కూడా ఇంతే. అడవి సంగతి చెప్పాలంటే, 1882 మద్రాసు అటవీ చట్టం, ఈ లైను దాదాపు ఒకే కాలానివి. పట్టాల కింద దుంగలు, ఇంజనుకు కట్టెలు, గనులకు కలప కావాలి. వాటి కోసం అడవి రిజర్వు అయింది. అందులోనే బతుకుతున్న చెంచులు తమ ఇంట్లో తామే అనుమతి అడగాల్సినవాళ్లయ్యారు. వారసత్వం అన్న మాట కింద వీటన్నిటినీ కలిపి చూపించే బోర్డు ఒక్కటి, ఏ రైల్వే మ్యూజియంలోనూ, నేనైతే చూడలేదు.

ఇదంతా చెప్పి రైలు మనకు శత్రువు అంటే మా తాత ఒప్పుకోడు. నేనూ ఒప్పుకోను. ఇక్కడే విషయం చిక్కుపడుతుంది.

మార్కాపురానికి తూర్పున ఉన్న దొనకొండ సంగతి చూడండి. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ లోకో షెడ్డు, పెద్ద రైల్వే కాలనీ, ఆస్పత్రి, బడి ఉండేవి. ఆవిరి ఇంజను అంటే మనుషుల పని. తెల్లవారకముందే నిప్పు రాజేసేవాళ్లు, బాయిలర్ కడిగేవాళ్లు, బూడిద గుంటలు తోడేవాళ్లు, గంపలతో బొగ్గు ఎత్తే ఆడవాళ్లు, ఖలాసీలు, పాయింట్స్‌మన్లు, ఫైర్‌మన్లు. ఇందులోనూ మెట్లున్నాయి. వలస పాలనలో డ్రైవరు కుర్చీ చాలాకాలం యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు. బూడిద గుంట మాత్రం మనకే. భోజనశాలల్లోనూ అంతే. ఇదే లైనును నడిపిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే స్టేషన్లలో బ్రాహ్మణులకు వేరుగా, ఇతరులకు వేరుగా భోజనశాలలుండేవి. పెరియార్ ఉద్యమం తర్వాత 1941లో ఆ వేర్పాటు ఎత్తేశారు. ఆ "ఇతరుల" గదిలోనైనా మాదిగ ఖలాసీ కూర్చుని తిన్నాడా అన్నది వేరే ప్రశ్న.

అయినా ఆ షెడ్డు, ఆ గ్యాంగు మన వాళ్లకు ఊరి బయట మరో లోకం తెరిచాయి. వెట్టి నుంచి, జీతగాడితనం నుంచి తప్పించుకునే దారి అది. వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ పట్టుబట్టగా 1943లో కేంద్ర సర్వీసుల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత ఆ హక్కు ఎక్కువ మందికి అందిన చోట్లలో రైల్వే ముందు వరసలో ఉంది. రైల్వేలో ఎస్సీ ఎస్టీ ఉద్యోగులకు పదోన్నతుల్లో రిజర్వేషన్‌ను సవాలు చేసిన అఖిల భారతీయ శోషిత్ కర్మచారీ సంఘ్ కేసులో సుప్రీంకోర్టు 1980లో ఆ ఉత్తర్వులను సమర్థించింది. తీర్పు చెప్పిన వాళ్లలో కృష్ణయ్యర్‌తో పాటు మన చిన్నపరెడ్డి కూడా ఉన్నారు. ఏళ్ల తరబడి రోజు కూలీలుగా ఉంచిన ప్రాజెక్టు క్యాజువల్ కార్మికులను క్రమబద్ధం చేసే దారి 1985లో ఇంద్రపాల్ యాదవ్ కేసుతో తెరుచుకుంది. మాలాంటి ఎన్ని ఇళ్లలో మొదటి డిగ్రీ ఒక గ్యాంగ్‌మన్ జీతం మీద చదివిందో లెక్క తీస్తే అది ఈ ప్రాంతపు అసలైన రైలు వారసత్వం. మీటర్ గేజి, ఆవిరి పోయాక దొనకొండ షెడ్డు మూతపడింది, కాలనీ వెలవెలపోయింది. రాష్ట్ర విభజనప్పుడు రాజధాని అవుతుందన్న పుకారుతో ఆ ఊరి పేరు పేపర్లలో కొన్నాళ్లు మోగింది. భూమి ధరలు లేచాయి, పడ్డాయి. అంతే.

ఇప్పుడు పొగబండి తిరిగొస్తే ఈ జీతం తిరిగొస్తుందా? 2021 నవంబరులో తెచ్చిన "భారత్ గౌరవ్" విధానం చూస్తే జవాబు దొరుకుతుంది. పర్యాటక రైలును ప్రైవేటు నిర్వాహకుడు అద్దెకు తీసుకుని, టికెట్టు ధర తానే పెట్టి నడుపుకోవచ్చు. ప్రైవేటు నిర్వాహకుడికి రోస్టరు ఉండదు. బోగీ ఊడ్చేది, మరుగుదొడ్డి కడిగేది ఏజెన్సీ కాంట్రాక్టు మనిషి. ఆ మనిషి కులం మారదు, హోదా మాత్రం ఉద్యోగి నుంచి "హెల్పర్"కు దిగుతుంది. పట్టాల మీద మానవ మలం ఎత్తించే పని గురించి బెజవాడ విల్సన్, సఫాయీ కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో, ఆ పనిని గడువు పెట్టుకుని అంతం చేయాలని సుప్రీంకోర్టు 2014లో రైల్వేకు చెప్పింది. ఆ రైలు చరిత్రను "స్వర్ణయుగం" అని అమ్ముతుంటే బోగీ కింద ఎవరున్నారని అడగడం మన పనే.

మన తెలుగువాళ్లు చచ్చిన మరో రైలు కట్ట ఇప్పటికే పర్యాటక కేంద్రం అయింది, ఇక్కడ కాదు, థాయిలాండ్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం 1942–43లో బర్మాకు వేయించిన 415 కిలోమీటర్ల లైను అది. యుద్ధ ఖైదీలు 12,000 మందికి పైగా చనిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్లిన తమిళ, తెలుగు కూలీలతో సహా ఆసియా కూలీల చావులు దాదాపు 90,000 అని అంచనా. తోటల్లోకి వెళ్లినవాళ్లలో దళితులు ఎంతమందో ఆ వలస చరిత్ర తెలిసినవాళ్లకు తెలుసు. ఇవాళ కాంచనబురిలో పర్యాటకులు ఆ లైను మీద రైలెక్కి క్వై నది వంతెన దాటుతారు. సైనికుల సమాధుల మీద పేరు, వయసు, రెజిమెంటు చెక్కి ఉంటాయి, పచ్చిక కత్తిరించి ఉంటుంది. ఆసియా కూలీలకు అలాంటి పేర్ల వరసలు లేవు. పర్యాటకం జ్ఞాపకాన్ని కాపాడుతుందని వాదించేవాళ్లు ఎవరి జ్ఞాపకాన్ని అన్నది అక్కడ చూసి రావచ్చు.

ఇక నల్లమలలో ఇది సాధ్యమా? పాత లైను మీటర్ గేజి, అంటే పట్టాల మధ్య ఒక మీటరు. ఇప్పటి లైను బ్రాడ్ గేజి, పైన కరెంటు తీగలు. పాత ఇంజను దీని మీద నడవదు. పాత కట్ట మీద మళ్లీ పట్టాలు వేయాలంటే అడవిలోకి కొత్తగా పోవాలి, దొరబావి స్తంభాల మీద కొత్త ఇనుము పెట్టాలి. అంత ఖర్చు ఎవరూ పెట్టరు. జరిగేది బహుశా ఇది: ఉన్న లైను మీద అద్దాల బోగీ, ముందు పొగబండి వేషం వేసిన ఇంజను, అడవిలో ఒక "వ్యూ పాయింట్", దాని పక్కన రిసార్టు. విశాఖ–అరకు లైనులో అద్దాల బోగీ 2017 నుంచి నడుస్తోంది. నల్లమలలో అటవీ శాఖ జంగిల్ క్యాంపులు కూడా ఇప్పటికే ఉన్నాయి.

ఇక్కడ చట్టం తెలిసి ఉండాలి. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ రైలు మార్గాల పక్కన ఒక్కో సౌకర్యానికి 0.10 హెక్టారు దాకా అటవీ భూమిని చట్టం పరిధి నుంచి తప్పించింది. ఎకో టూరిజం సౌకర్యాలను కూడా "అటవీయేతర వినియోగం" లెక్కలోంచి తీసింది. వ్యూ పాయింట్‌కు ఈ సందు సరిగ్గా సరిపోతుంది. మరోవైపు 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద గ్రామసభ సిఫార్సుతో అటవీ భూమిని మళ్లించగల సౌకర్యాలు 13. బడి, అంగన్‌వాడీ, చౌక ధరల దుకాణం, తాగునీరు, రోడ్డు వంటివి. వాటిలో పర్యాటకం లేదు. హక్కుల గుర్తింపు పూర్తికాకుండా ఎవరినీ కదపకూడదని సెక్షన్ 4(5) చెబుతుంది. చెంచులు ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ సమూహంగా గుర్తింపు ఉన్నవాళ్లు. పులుల పేరుతో చెంచు గూడేలను బయటికి పంపాలనుకునే ప్రభుత్వం అదే అడవిలోకి పర్యాటకులను టికెట్టు ఇచ్చి పిలిస్తే, అడ్డం ఎవరికి, దారి ఎవరికి అన్నది స్పష్టంగా తేలిపోతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఆవిరి రైలు జ్ఞాపకం కావాలంటే దాని చోటు నల్లమల కాదు, దొనకొండ. అక్కడ రైల్వే భూమి ఉంది, కాలనీ ఉంది, రైల్వే చరిత్ర ఉంది, ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు. ఒక మీటర్ గేజి ఇంజనును నిలబెట్టి, వీలైతే చిన్న ముక్క పట్టాల మీద నడిపి, చుట్టూ ఆ పని చేసినవాళ్ల పేర్లతో, ఫొటోలతో, సర్వీసు పుస్తకాలతో మ్యూజియం పెట్టొచ్చు. నడిపేవాళ్లు రైల్వే ఉద్యోగులే కావాలి, రోస్టరు పాటించాలి. ఏజెన్సీకి ఇస్తే ఆ మ్యూజియం మనకొద్దు. ఇది చిన్న కోరికే. మార్కాపురం పలక బతికున్న కాలంలో పలకలు, ఉప్పు, మిర్చి, తోళ్లు ఈ స్టేషన్ల నుంచే పోయేవి. ఆ చరిత్రకూ అక్కడ చోటు దొరుకుతుంది.

దానికంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా పోయే నడికుడి–శ్రీకాళహస్తి 309 కిలోమీటర్ల కొత్త లైను 2011–12 బడ్జెట్లో మంజూరై ఇప్పటికీ ముక్కలుగానే ముందుకు జరుగుతోంది. కనిగిరి ఫ్లోరైడు నీళ్లు తాగే ఊళ్ల నుంచి ఒక డయాలసిస్ రోగి ఆస్పత్రికి బస్సు మారి బస్సు ఎక్కి పోతున్నాడు. గుంటూరు–గుంతకల్లు డబ్లింగ్ పనుల్లో దుమ్ము మీద పడుతూ పనిచేసేది మళ్లీ మన కూలీలే. గుత్తేదారు ఎవరు, కూలీ ఎంత, పీఎఫ్ కడుతున్నాడా అన్నది ఏ విద్యార్థి సంఘమైనా సమాచార హక్కు దరఖాస్తుతో అడగొచ్చు. విశ్వవిద్యాలయాల్లో చరిత్ర చదివే మన పిల్లలు ఒక ఎండాకాలం ఈ లైనుకు ఇవ్వొచ్చు. గిద్దలూరు, కంభం, దొనకొండ పేటల్లో మీటర్ గేజి కాలం గ్యాంగ్‌మన్లు, బొగ్గు ఎత్తిన అవ్వలు ఇంకా కొందరున్నారు. వాళ్లకు ఎనభై దాటింది. మా తాతను నేను రికార్డు చేయలేదు. ఫోన్లో ఆయన గొంతు ఒక్క నిమిషం కూడా లేదు.